కడలి కన్న దిగువన

దక్షిణ అమెరికా ఖండపు ఈశాన్య తీరాన, భూమధ్యరేఖకు కొంచెం ఎగువన గయానా దేశం ఉన్నది. ఆ పేరుకు అక్కడి ఆదివాసుల భాషలో ‘అనేక జలాల నేల’ అని అర్థం చెబుతారు. వైశాల్యంలో నేటి ఆంధ్రప్రదేశ్ కంటె పెద్దది; జనసంఖ్య మాత్రం సుమారు 8 లక్షలు. ఒక్క విశాఖపట్నంలో నివసించే వారిలో సగమైనా లేరన్నమాట! ఆ ఖండంలో ఇంగ్లీషును అధికార భాషగా గల స్వతంత్ర దేశం ఇదొక్కటే.

రాజధాని జార్జిటౌన్ చేరిన యాత్రికుడు సాయంవేళ సముద్రం చూడబోయి ముందుగా నిరాశపడతాడు. అక్కడ నీలి కెరటాలు కానరావు. అమెజాన్ నది కడలిలో కలిపిన ఒండ్రును ప్రవాహాలు ఈ తీరం వెంట మోసుకొని రావడం వలన నీరంతా గోధుమ వన్నెలో, వరద గోదావరిలా కనిపిస్తుంది. ఆ నిరాశ తీరక ముందే మరొక వింత అతని కంట పడుతుంది. పోటు వేళ తీరపు గోడపై నిలిచి ఒకవైపు చూస్తే అలలు; రెండవవైపు చూస్తే రహదారి, ఇళ్ళు, బడికి వెళ్ళే పిల్లలు. నీరు ఎత్తున ఉంది. ఊరు పల్లంలో ఉంది. పోటు మట్టానికి దాదాపు ఒక మీటరు దిగువన గల ఈ సన్నని తీరభూమిలోనే దేశ ప్రజలలో నూటికి 90 మంది వరకు నివసిస్తున్నారు. వారికీ సముద్రానికీ నడుమ ఉన్నవి గోడలు, మట్టికట్టలు, కొన్నిచోట్ల మడ అడవులు.

ఆ నేల ప్రకృతి ఇచ్చినది కాదు, మనుషులు చేసుకొన్నది. 18వ శతాబ్దంలో డచ్చివారు సముద్రతీరపు చిత్తడి నేలలను కట్టలతో చుట్టి చెరకు తోటలు వేయించారు. వేయించారే గాని వేయలేదు. ఆఫ్రికా నుండి బానిసలుగా తెచ్చిన వారు నడుములోతు బురదలో నిలిచి పారలతో కాలువలు త్రవ్వారు. ఒక చదరపు మైలు చెరకు తోటకు 49 మైళ్ళ మురుగు కాలువలు, వాటికి తోడు 16 మైళ్ళ మెరక కాలువలు అవసరమయ్యాయట! బానిసలు ఆ విధంగా ఎత్తిపోసిన మట్టి 10 కోట్ల టన్నులకు తక్కువ కాదని 1948 నాటి వెన్ కమిషన్ లెక్కించింది. ఆ లెక్కను గయానా చరిత్రకారుడు వాల్టర్ రాడ్నీ తన గ్రంథంలో ఎత్తిచూపి, ఆ తీరాన్ని నిర్మించినది ఎవరో లోకానికి గుర్తుచేశాడు. రాజుల కోటలకు ఇచ్చే గౌరవం ఈ కాలువ గట్లకు ఎందుకు ఇవ్వరాదు?

1838 ఆగస్టులో ఆఫ్రికన్లకు పూర్తి స్వేచ్ఛ లభించింది. అంతకు మూడు నెలల ముందే, మే 5వ తేదీన, కలకత్తా నుండి బయలుదేరిన విట్‌బీ, హెస్పెరస్ అనే ఓడలు భారతీయ కూలీలతో ఆ తీరం చేరాయి. 1917 వరకు సాగిన ఆ ఒప్పంద కూలి వ్యవస్థలో సుమారు 2,39,000 మంది భారతీయులు అక్కడికి వెళ్ళారు. అత్యధికులు ఉత్తరాది వారే. మదరాసు ఓడలలో వెళ్ళిన కొద్దిమందిలో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారు. అందరినీ కలిపి అక్కడ ‘మదరాసీలు’ అన్నారు. ఇంగ్లీషు గుమాస్తాల కలం కింద మునిసామి ‘మూన్‌సామీ’గా, రామసామి ‘రామ్‌సామీ’గా మారారు. భాష నిలువలేదు గాని, ఆ పేర్లు నిలిచాయి. మదరాసీలు కొలిచిన కాళీమాత గుడులు నిలిచాయి. దీపావళి, హోలీ నేడు ఆ దేశపు జాతీయ సెలవు దినాలు. 1966లో స్వాతంత్ర్యం వచ్చింది. క్రికెట్ అభిమానులకు ఇంకొక్క మాట: సునీల్ గవాస్కర్ తన కుమారునికి రోహన్ అని పేరు పెట్టుకొన్నది గయానాకు చెందిన రోహన్ కన్హాయ్ మీది అభిమానంతోనే.

దేశంలో నూటికి 80 పాళ్ళకు పైగా అడవి. చిన్న విమానంలో లోపలికి వెళితే, పొటారో నది 226 మీటర్ల ఎత్తు నుండి ఒక్కదూకున పడే కైయేచూర్ జలపాతం కనిపిస్తుంది. యాత్రికులు దానిని చూడటానికే వస్తారు, చూడదగినదే. అయితే ఆ దేశపు ప్రాణం మాత్రం తీరంలోని తూములలో ఉన్నది.

ఆ తూమును అక్కడ ‘కోకర్’ అంటారు. కాలువ సముద్రంలోనో నదిలోనో కలిసే చోట, ఎత్తైన చట్రానికి వేలాడే బరువైన తలుపు అది. పోటు వస్తుండగా దానిని దింపి మూయాలి. లేకుంటే ఉప్పునీరు ఊరిలోకి వస్తుంది. పాటు వేళ పైకెత్తాలి. లేకుంటే వాననీరు ఊరు దాటి పోదు. కోనసీమలో కాలువ లాకుల వద్ద పెరిగిన విద్యార్థికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. 2005 జనవరిలో ఎడతెగని వానలు కురిసినప్పుడు కాలువలూ తూములూ ఆ నీటిని మోయలేకపోయాయి. రాజధాని, తూర్పు తీర గ్రామాలు వారాల తరబడి నీట నిలిచాయి. మురికినీటి వలన వ్యాపించిన లెప్టోస్పైరోసిస్ జ్వరానికి కొందరు బలి అయ్యారు.

2015లో ఆ సముద్ర గర్భంలోనే చమురు బయటపడింది. 2019 డిసెంబరులో వెలికితీత మొదలైన పిదప, పేదదేశంగా పేరుపడిన గయానా ఆదాయం అతివేగంగా పెరిగింది. ఆ ధనంతో వంతెనలు, ఆసుపత్రులు కడుతున్నారు. మెరక నేలలో సిలికా సిటీ అనే కొత్త పట్టణం నిర్మిస్తున్నారు. చమురు మండితే భూమి వేడెక్కుతుంది, వేడెక్కితే కడలి పొంగుతుంది. ఆ పొంగు ముందుగా తట్టేది ఈ గోడనే అని అక్కడివారికి తెలియదా? తెలుసు. ఇంతకాలం లోకం మండించిన దానిలో తమ వంతు ఎంత అని వారు అడుగుతారు. ఆ ప్రశ్నను సులువుగా త్రోసిపుచ్చలేము.

కోకర్ కాపరికి పండుగ లేదు, ఆదివారం లేదు. పాటు అర్ధరాత్రి వస్తే అతడూ అర్ధరాత్రే లేవాలి. పోటుపాట్ల వేళల పట్టిక చూసుకొని, వానలోనైనా గట్టు మీదికి నడిచి, గొలుసు లాగి తలుపెత్తుతాడు. పగలంతా కాలువలో నిలిచిన నీరు చీకటిలో చప్పుడు చేస్తూ సముద్రంలోకి జారిపోతుంది. మళ్ళీ పోటు వచ్చేలోగా అతడు ఆ తలుపు దింపాలి.