జోడీ దుష్మన్లు

నలభై ఆరేళ్ల వయసులో, రాత్రి రెండున్నరకి, కొడుకు గేమ్ కంట్రోలర్ చేతిలో పట్టుకుని "యా అల్లా" అని గట్టిగా అరిచానంటే నమ్ముతారా? బేగం నిద్రలోంచి ఉలిక్కిపడి లేచొచ్చింది. ఇంట్లో దొంగలు పడ్డారనుకుందంట. దొంగలు కాదు దోస్తులారా, ఇద్దరు దుష్మన్లు పడ్డారు. పడ్డారంటే, కింద పడ్డారు.

ఈ కిస్సా ఏప్రిల్ నుంచి చెప్పాలి.

మావాడు ఇంటర్ సెకండియర్. ఫలితాలొచ్చాయి. మ్యాథ్స్‌లో ఒక పేపరు, ఫిజిక్స్, రెండూ పోయాయి. ఆరోజు ఇంటికొచ్చి నేను అన్న మాట రాయడానికి షరమ్‌గా ఉంది. అయినా రాస్తా. "నీ మీద పెట్టిన పైసలు ఒక మేక మీద పెట్టినా బక్రీద్‌కి పనికొచ్చేది" అన్నా. బేగం "కైసీ బాతాం కర్రే జీ" అంది. వాడు తల ఎత్తలేదు. నేను అంతటితో ఆగలేదు. టీవీ కింద ఉన్న గేమ్ డబ్బా వైర్లు పీకి అల్మారా మీద పెట్టేశా. వాడు గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. ఆ రోజు నుంచి దస్తర్‌ఖాన్ మీదికి రావడం బంద్. వాళ్లమ్మ ప్లేటు లోపలికి తీసుకెళ్తే సగం అలాగే తిరిగొచ్చేది.

నాది న్యూస్ డెస్కు నౌకరీ. ఏటా ఫలితాల మర్నాడు ఏ రకం వార్తలు వస్తాయో మాకు తెలుసు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. ఆ వార్తల్లో కొన్ని నా చేతుల మీదుగా వెళ్లాయి. నేనేం దిద్దాను? అక్షర దోషాలు దిద్దాను. 'మనస్తాపంతో' అన్న మాట సరిగ్గా పడిందా లేదా చూశాను. ఆ మనస్తాపం ఎవరి నోటి నుంచి వచ్చిందని ఎప్పుడూ అడగలేదు.

షిఫ్టు ముగించుకుని ఒంటి గంటకి ఇంటికొస్తే మావాడి తలుపు కింద లైటు కనిపించేది. తట్టాలంటే ముఖం చెల్లలేదు. పడుకోవాలంటే దిల్ ఒప్పుకోలేదు. హాల్లో, వాడి తలుపుకెదురుగా చాప వేసుకుని కూర్చునేవాణ్ని. మూడో రాత్రి అల్మారా మీది డబ్బా దించాను. వాడు రోజూ గంటలకొద్దీ చూసిందేమిటో చూద్దామని. నిజం చెప్పాలంటే, ఆ తలుపు ముందు మేలుకుని కూర్చోడానికి ఒక బహానా కావాలి.

గేమ్ పేరు డార్క్ సోల్స్. 2011లో జపాన్ కంపెనీ ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ తీసింది. మా ఇంట్లో ఉన్నది 2018లో మళ్లీ మెరుగుచేసి వదిలింది. చూడగానే మా నానా గుర్తొచ్చారు. చిన్నప్పుడు పాలమూరులో కరెంటు పోయిన రాత్రుల్లో ఆయన తిలిస్మ్-ఎ-హోష్‌రుబా కిస్సాలు చెప్పేవారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో లక్నో నవల్ కిషోర్ ప్రెస్ అచ్చేసిన పెద్ద పెద్ద సంపుటాల దాస్తాన్ అది. అమర్ అయ్యార్, ఎంత వేసినా నిండని అతని జంబీల్, జాదూగర్ల బాద్షా అఫ్రాసియాబ్. ప్రతి తిలిస్మ్‌కీ ఒక లౌహ్ ఉంటుంది. దాన్ని బద్దలుకొట్టే తర్కీబ్ ఆ పలక మీద రాసి ఉంటుంది. ఈ గేమ్ కూడా తిలిస్మే. కాకపోతే లౌహ్ ఎవరూ చేతికివ్వరు. చచ్చి చచ్చి మనమే రాసుకోవాలి.

మావాడి ఆట అనోర్ లోండో అనే దేవతల షహర్‌లో ఆగి ఉంది. అక్కడ ఒక పెద్ద దర్బార్ హాలు. రెండు వైపులా లావు లావు స్తంభాలు. గుమ్మంలో పొగమంచు పరదా. దాటి లోపలికెళ్తే ఇద్దరు. ఒకడు ఓర్న్‌స్టీన్. సింహం తల శిరస్త్రాణం, చేతిలో బరిసె, ఒంటి నిండా మెరుపు. హాలు ఆ చివర నుంచి ఈ చివరకి నేల మీద జారుతున్నట్టు దూసుకొస్తాడు. రెండోవాడు స్మౌ. బానపొట్ట కవచం, భుజాన పెద్ద సుత్తి. వాడు జల్లాద్. మెల్లగా వస్తున్నట్టే ఉంటాడు, ఒక్కసారిగా పరుగందుకుంటాడు. ఆ సుత్తి తగిలితే స్తంభాలే కూలిపోతాయి, మనమెంత?

అసలు జులుమ్ ఇంకోటుంది. ఇద్దర్లో ఒకణ్ని చంపామనుకోండి, రెండోవాడి బలమంతా మళ్లీ మొదటికొస్తుంది. పైగా చచ్చినవాడి తాకత్ కూడా వీడికే. అంటే సగం గెలిచినప్పుడే అసలు జంగ్ షురూ.

మొదటి రెండు రాత్రులు ఆ హాలు దాకా కూడా పోలేకపోయా. దారిలో ఉన్న వెండి కవచాల సిపాయిలే నరికేశారు. చచ్చిన ప్రతిసారీ ఎర్రటి అక్షరాల్లో 'యూ డైడ్' అని పడుతుంది. మళ్లీ నిప్పుల కుంపటి దగ్గర లేస్తాం. మళ్లీ అదే దారి.

ఐదో రాత్రి తలుపు తెరుచుకుంది.

"అబ్బా, అందులో నావి నలభై వేల సోల్స్ ఉన్నాయి."

ఎనిమిది రోజుల తర్వాత నా కొడుకు నాతో అన్న మొదటి మాట అది. సోల్స్ అంటే రూహ్‌లు. ఈ గేమ్‌లో అవే పైసలు. చచ్చిన చోటే పడిపోతాయి. వెనక్కెళ్లి ఏరుకోవచ్చు. ఏరుకునేలోపు ఇంకోసారి చస్తే ఎప్పటికీ పోయినట్టే. నేను అప్పటికే వాటిని మూడుసార్లు గంగలో కలిపేశా.

"పోయాయి బేటా" అన్నా.

వాడు గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. చిక్కిపోయాడు. తర్వాత వచ్చి చాప చివర కూర్చున్నాడు. "ఆ బరువు కవచం తీసెయ్. మోసే బరువు పావు వంతు దాటకపోతేనే దొర్లడం తేలిగ్గా వస్తుంది" అన్నాడు. తీసేశా. "వెనక్కి దొర్లకు. దెబ్బ వచ్చే వైపే, వాడి చెయ్యి కిందనుంచి దొర్లు." దొర్లా. చచ్చా. "లాలచ్ చేయకు అబ్బా. ఒక్క దెబ్బ కొట్టి పక్కకి రా. రెండోది కొడదామనుకున్నప్పుడే నువ్వు చస్తున్నావ్."

ఉర్దూ మీడియం బళ్లో మా ఉస్తాద్ తఖ్తీ మీద అలిఫ్ దిద్దించినట్టు, నా కొడుకు నాకు దొర్లడం నేర్పాడు.

గుమ్మం ముందు నేల మీద ఒక సంతకం లాంటి గుర్తుంటుంది. సొలేర్ అనే సూర్యభక్తుడైన యోధుడిది. ముట్టుకుంటే మదద్‌కి వస్తాడు. నేను ఎంత వెతికినా నాకది కనపడలేదు. "నువ్వు మనిషి రూపంలో లేవు. మనిషిగా మారితేనే ఎవరినైనా మదద్‌కి పిలవగలం" అన్నాడు వాడు. మామూలుగానే అన్నాడు. నాకే ఎక్కడో తగిలింది.

సొలేర్ లేకుండానే చేద్దామన్నాడు. వాడు చెప్పిన తర్కీబ్ ఇది. ఇద్దరి మధ్యలోకి ఎప్పుడూ పోకూడదు. స్తంభం అడ్డం పెట్టుకుని తిరగాలి. ఓర్న్‌స్టీన్ చురుకు, స్మౌ మందం. కాబట్టి ఓర్న్‌స్టీన్ ముందొస్తాడు, స్మౌ వెనకబడతాడు. ఆ రెండు క్షణాల ఫాస్లాలో ఒక్క దెబ్బ. మళ్లీ స్తంభం. నేను మాత్రం ఒకడి మీద చూపు లాక్ చేసి కొడుతూనే ఉన్నా. "లాక్ తియ్యి. ఒక్కణ్నే చూస్తూ కూర్చుంటే రెండోవాడు ఎటు నుంచి వస్తున్నాడో తెలీదు." నిజమే. నేను మార్కుల మీద చూపు లాక్ చేసి కూర్చున్నా. పిల్లాడు ఎటు పోతున్నాడో కనపడలేదు.

మధ్య మధ్యలో చాయ్ పెట్టేవాడు. చాయ్ తాగుతూ ఒకరోజు ఈ గేమ్ తీసిన హిదెతాకా మియజాకి గురించి చెప్పాడు. చిన్నప్పుడు ఇంట్లో పుస్తకాలు కొనే స్తోమత లేక లైబ్రరీలో చదివేవాడంట. ఇంగ్లీషు పుస్తకాలు సగమే అర్థమయ్యేవి, అర్థంకాని సగం బొమ్మలు చూసి ఊహించుకునేవాడంట. ఇరవై తొమ్మిదేళ్లకి గానీ ఈ రంగంలోకి రాలేదు. కంపెనీ వాళ్లే ఫెయిలైందనుకున్న ప్రాజెక్టు తీసుకుని డీమన్స్ సోల్స్ చేశాడు. దాని తర్వాతదే ఇది.

నాకు మంగలి షాపులో చందమామ గుర్తొచ్చింది. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని, తెలియని మాటలకి నేనే అర్థాలు కల్పించుకుని చదివేవాణ్ని. అప్పుడే వాడికి ఎన్నడూ చెప్పని సంగతి చెప్పా. ఉర్దూ మీడియం నుంచి వచ్చి బీఏలో జిద్దుగా తెలుగు తీసుకున్నా. ఛందస్సు పేపరు తప్పా. మళ్లీ రాశా, మళ్లీ తప్పా. లేచి పద్యం చదివితే వెనక బెంచీలు నవ్వేవి. మూడోసారికి గట్టెక్కా.

"దాదా ఏమన్నాడు?" అని అడిగాడు.

సైకిల్ రిపేరు చేసుకునే మా అబ్బాకి ఛందస్సంటే ఏంటో తెలీదు. గ్రీజు చేతులు తుడుచుకుని ఒకే మాటన్నారు. "గిరేసో ఉఠ్తాచ్ బేటా. పహ్లే ఖానా ఖాలే." పడినోడు లేస్తాడు, ముందు అన్నం తిను. అంతే. ఆ మాట తిని ఇంతవాణ్నయినవాణ్ని, నా కొడుక్కి మేక మాట తినిపించా. "మాఫ్ కర్ బేటా" అన్నా. వాడు స్క్రీన్ వైపే చూస్తూ "స్తంభం, అబ్బా, స్తంభం" అన్నాడు.

పదకొండో రాత్రి ఓర్న్‌స్టీన్ పడ్డాడు. మోకాళ్ల మీదున్న వాడి మీదికి స్మౌ వచ్చాడు. లేపుతాడేమో అనుకుంటాం. సుత్తి ఎత్తి తన సాథీనే నలిపేశాడు. ఆ మెరుపంతా సుత్తికెక్కింది. "ముందు స్మౌని చంపితే ఓర్న్‌స్టీన్ అలా చేయడు, శవం మీద చెయ్యి పెట్టి అదబ్‌గా తాకత్ తీసుకుంటాడు" అన్నాడు మావాడు. ఒకే కొలువు చేసినవాళ్లలో కూడా ఎంత ఫర్క్!

నా చేతులు వణికాయి. ఇంకా రెండు గుక్కల మందే మిగిలింది. కంట్రోలర్ వాడికివ్వబోయా. "నువ్వే కొట్టు. వీడు మెల్లగా వస్తాడు. భయపడి తొందరపడకు." సబర్, సబర్ అనుకుంటూ స్తంభం చుట్టూ తిరిగా. సుత్తి దిగినప్పుడల్లా ఒక్క దెబ్బ. చివరి దెబ్బ నేను కొట్టానో, వాడు నా మోచెయ్యి పట్టుకు ఊపితే పడిందో తెలీదు. 'విక్టరీ అచీవ్డ్' అని పడింది. అప్పుడే ఆ "యా అల్లా". ఆ రాత్రి ముగ్గురం ఖిచిడీ వేడి చేసుకుని దస్తర్‌ఖాన్ పరిచి తిన్నాం.

తర్వాత వాడు సప్లిమెంటరీ రాశాడు. మొన్న ఫలితాలొచ్చాయి. నేను డెస్కులో ఉండగా ఫోన్ చేశాడు.

"అబ్బా, ఓర్న్‌స్టీన్ పోయాడు. స్మౌ ఉన్నాడు."

మ్యాథ్స్ పాసు. ఫిజిక్స్ నాలుగు మార్కుల్లో పోయింది. చుట్టాలు అడుగుతారు. సాల్ వేస్ట్ అంటారు. మార్చి దాకా ఆ ఒక్క సబ్జెక్టే ఇంతకింతై కనిపిస్తుంది, నాకు తెలుసు.

"ఫికర్ నక్కో బేటా" అన్నా. "నేను తొందరగా వస్తా. నువ్వు పహ్లే ఖానా ఖాలే."

"నువ్వొచ్చాక తింటా" అన్నాడు.