రోజుకు పన్నెండు లైన్లు

స్టేషన్ మాస్టర్‌కు రాతపని కొత్త కాదు. ఏ బండి ఏ నిమిషంలో దాటింది, పక్క స్టేషన్ నుంచి లైన్ క్లియర్ ఎప్పుడు దొరికింది, ఇచ్చిపుచ్చుకున్న ప్రైవేట్ నంబర్లు ఏమిటి... అన్నీ ట్రైన్ రిజిస్టర్‌లో ఎక్కాల్సిందే. తర్వాత తీరిగ్గా రాద్దామంటే కుదరదు. 31 ఏళ్లు అలాంటి రిజిస్టర్లు నింపి 2022లో రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం కొత్తవలస-కిరండూల్ లైన్‌లోనే గడిచింది. బైలదిల్లా కొండల నుంచి విశాఖ రేవుకు ఇనుప ఖనిజం మోసుకొచ్చే గూడ్సు బళ్లకు పచ్చజెండా ఊపడమే ఉద్యోగం. అన్ని వేల పేజీలు రాసిన చేతికి సొంతంగా నాలుగు ముక్కలు రాయడం ఒక లెక్కా అని అడుగుతారు చాలామంది.

లెక్కే. రిజిస్టర్‌ను ఖాళీగా వదిలేస్తే అడిగేవాళ్లున్నారు. ఇన్‌స్పెక్టర్ వచ్చి తిరగేస్తాడు, చార్జిషీటు ఇస్తాడు. మనం రాయని కథ గురించి మాత్రం ఈ ప్రపంచంలో ఎవరూ అడగరు. సరదాగా రాసుకునేవాళ్ల అసలు సమస్య ఇదే. తీరిక లేకపోవడం, భాష రాకపోవడం, విషయం దొరకకపోవడం అన్నవి ఆ తర్వాతి మాటలు.

రాయడం అలవాటు చేసుకోవాలనుకునేవారికి దొరికే మొదటి సలహా ‘రోజూ ఒకే వేళకు కూర్చోండి’. ఆఫీసు పదింటికి తెరిచి ఐదింటికి మూసేవాళ్లకు బాగానే ఉంటుంది. మాకు ఒక వారం ఉదయం ఎనిమిది నుంచి నాలుగు, ఇంకో వారం నాలుగు నుంచి అర్ధరాత్రి, మరో వారం అర్ధరాత్రి నుంచి తెల్లారేదాకా. తెల్లవారుజామున ప్రశాంతంగా రాసుకోమని పుస్తకాలు చెప్పే వేళకు నేను మైక్‌లో ప్యాసింజర్ రాకను ప్రకటిస్తూ ఉండేవాణ్ని. నర్సులు, సెక్యూరిటీ గార్డులు, ఆర్టీసీ డ్రైవర్లు, ఇప్పుడు కాల్‌సెంటర్ల పిల్లలు... ఈ దేశంలో గడియారంతో పొత్తు కుదరని ఉద్యోగాలు చాలా ఉన్నాయి. వాళ్లలోనూ రాయాలనుకునేవాళ్లుంటారు.

అందుకే 2006లో మొదలుపెట్టినప్పుడు గడియారాన్ని పక్కన పెట్టాను. డ్యూటీ దిగి, క్వార్టర్‌కు వచ్చి, స్నానం చేసి, భోజనానికి కూర్చునేలోపు రాయాలి. అది పగలు నాలుగున్నర కావచ్చు, రాత్రి ఒంటిగంట కావచ్చు. స్నానం తర్వాత రాత, రాత తర్వాత అన్నం. ఆకలి వెనక నుంచి తరుముతుంటే ఎక్కువసేపు గోళ్లు కొరుక్కుంటూ కూర్చోలేం. పన్నెండు లైన్లన్న లెక్క కూడా ఏ గ్రంథంలోనూ చూసింది కాదు. అమ్మాయి నాలుగో తరగతిలో సగం వాడి వదిలేసిన లాంగ్ నోట్‌బుక్‌లో మిగిలిన పేజీలతో మొదలైంది. సగం పేజీకి కాస్త తక్కువగా పన్నెండు లైన్లు వచ్చేవి. మరీ అలిసిపోయిన రోజున కూడా అంతమాత్రం రాయగలనని తోచింది.

డ్యూటీలో మాత్రం ఒక్క లైను రాయలేదు. లైన్ క్లియర్ ఇచ్చేవాడి బుర్ర కథలో ఉండకూడదు.

ఈ లెక్కల వ్యవహారం నచ్చనివాళ్లుంటారు. రాత అనేది లోపలి నుంచి పొంగి రావాలి గానీ కొలిచి పోసేదా అంటారు. వాళ్లకు నేను చెప్పే పేరు ఆంథొనీ ట్రోలప్. 19వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో పోస్టల్ శాఖ ఉద్యోగి, 47 నవలలు రాశాడు. ఉదయం ఐదున్నరకు బల్ల ముందు కూర్చునేవాడు. తనను లేపి కాఫీ ఇవ్వడానికి ఇంటి పనివాడికి ఏడాదికి ఐదు పౌండ్లు అదనంగా ఇచ్చాడు. ఎదురుగా గడియారం పెట్టుకుని పావుగంటకు 250 పదాలు రాబట్టేవాడు. వారానికెన్ని పేజీలయ్యాయో ఒక పుస్తకంలో నమోదు చేసేవాడు, సరాసరిన నలభై. ఇదంతా ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆయన పోయాక 1883లో అది అచ్చయితే, సాహిత్యాన్ని చెప్పులు కుట్టే పనిలా చూశాడని ఎందరో మొహం చిట్లించారు. ఆ పోలిక కూడా ఆయనదే.

రైల్వేవాణ్ని కాబట్టి నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. తపాలా తనిఖీల కోసం ఊళ్లు తిరుగుతూ ఆయన పెన్సిల్‌తో రైలు పెట్టెలోనే రాసేవాడు. ఒళ్లో పెట్టుకునేందుకు చిన్న పలక చేయించుకున్నాడు. ‘బార్‌చెస్టర్ టవర్స్’లో చాలా భాగం అలా రాసిందే. కుదుపుల్లో రాసిన దాన్ని భార్య సాఫీగా ఎత్తి రాసేది. ఈ ఏర్పాటు గురించి మా ఆవిడకు చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు.

21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందన్న మాట వాట్సప్‌లో తెగ తిరుగుతుంది. దీని మూలం మాక్స్‌వెల్ మాల్ట్స్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో వేసిన పుస్తకం. ఆపరేషన్ అయ్యాక కొత్త ముఖానికి అలవాటు పడడానికి రోగులకు కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. చేతులు మారేసరికి ‘కనీసం’ రాలిపోయింది, ముఖమూ రాలిపోయింది, అంకె మిగిలింది. 2009లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని పన్నెండు వారాలు గమనిస్తే, కొత్త పని అప్రయత్నంగా జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పడుతుందని తేలింది. మనిషికీ మనిషికీ తేడా మాత్రం 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా తేలింది. అయితే వాళ్లు చూసింది నీళ్లు తాగడం, పండు తినడం, నడవడం లాంటి పనులు. రాయడాన్ని ఆ జాబితాలో కలపడానికి నాకు మనసొప్పదు. పండు తినాలంటే రోజూ కొత్త పండును కనిపెట్టనక్కర్లేదు కదా.

ఆర్.కె.నారాయణ్ 1930లో బెంగుళూరులో తన మొదటి నవల మొదలుపెట్టిన రోజు వాళ్ల అమ్మమ్మ మంచిరోజు చూసి పెట్టింది. ఆయన ఒక నోటు పుస్తకం కొనుక్కుని కూర్చుంటే మొట్టమొదట ఒక చిన్న రైల్వే స్టేషన్, దాంతోపాటు మాల్గుడి అనే పేరు వచ్చాయట. అదే 1935లో ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’గా వెలువడింది. మన దగ్గరా విజయదశమికో వసంత పంచమికో అక్షరాభ్యాసం చేయిస్తాం. మొదటి రోజుకు ముహూర్తాలున్నాయి. చిక్కంతా రెండో రోజుతోనే. దానికి ఏ పంచాంగమూ సాయపడదు.

రెండో రోజు, రెండొందలో రోజు ఏం రాయాలి? విషయం లేదనిపించే రోజులే ఎక్కువ. అలాంటప్పుడు ఆ రోజు విన్న మాట ఒకటి, చూసిన వస్తువు ఒకటి రాసేవాణ్ని. సంతకు పోయే ఆడవాళ్లు ప్యాసింజర్‌లోకి ఎక్కించిన పసుపు బస్తాల వాసన. ఘాట్‌లో బండరాయి జారిపడితే పట్టాల మీద గ్యాంగ్‌మన్ అన్న మాట. తుఫాను రాత్రి కంట్రోల్ ఫోన్ మూగబోతే పాయింట్స్‌మన్ చెప్పిన దెయ్యం కథ, దాన్ని ఆయన మూడుసార్లు చెబితే మూడుసార్లూ మారిన దెయ్యం. కథ రాయాలని కూర్చుంటే ఇవేవీ గుర్తుకు రావు. పన్నెండు లైన్లు నింపాలంటే మాత్రం వీటిని పట్టుకోక తప్పదు.

ఇది సాహిత్యం కాదని నాకు తెలుసు. ఇదంతా ముడిసరుకు. కథ రాసేది రెస్టు రోజున, వేరే కాగితం మీద. ఇన్నేళ్లలో ఐదు డజన్లకు పైగా నోట్‌బుక్కులు నిండాయి, కథలు తొమ్మిదయ్యాయి, నాలుగు అచ్చయ్యాయి. 2020 తర్వాత కొన్ని పత్రికలు అచ్చు ఆపేశాక పంపడానికి చోటు కూడా తగ్గింది. ఖనిజం లెక్కన చూస్తే ఎవరూ తవ్వని గని ఇది.

నన్ను నిలబెట్టినవాడు రెండు స్టేషన్ల అవతల పనిచేసే మిత్రుడు. మహాత్మా గాంధీ ఆత్మకథ 1925 నుంచి 1929 దాకా ‘నవజీవన్’లో వారం వారం వచ్చింది. పత్రిక అడుగుతుంటే ఎంత పనిలో ఉన్న మనిషైనా రాయాల్సిందే. అలాంటి పత్రిక నాకు లేదు కాబట్టి మిత్రుణ్నే పత్రిక చేసుకున్నాను. పదిహేను రోజులకోసారి నాలుగు పేజీలు తిరగరాసి, బండిలో తెలిసినవాళ్ల చేత పంపేవాణ్ని. ఆయన మెచ్చుకునేవాడు కాదు, తప్పులు దిద్దేవాడూ కాదు. చివర పెన్సిల్‌తో ‘తర్వాత?’ అని రాసి తిప్పి పంపేవాడు. ఇప్పుడు రాసిన నిమిషానికే గ్రూపులో పెడితే పదిమంది చప్పట్ల బొమ్మలు పంపుతారు. వాళ్లను తప్పు పట్టను గానీ, ఆ చప్పట్లతో రాయాలన్న తహతహ కాస్తా తీరిపోతుంది. ‘తర్వాత?’ అని అడిగేవాడు ఒక్కడు చాలు.

2021 మేలో మా అన్నయ్య కరోనాతో విజయనగరంలో పోయాడు. ఆస్పత్రి నుంచి అటే తీసుకుపోయారు, మేం చూడలేదు. నలభై రోజుల పాటు నోట్‌బుక్‌లో తేదీ వేయడం తప్ప ఏమీ చేయలేకపోయాను. తేదీ మాత్రం రోజూ వేశాను. ఆ తర్వాత ఒక రాత్రి పాత నోట్‌బుక్కులు దింపి అన్నయ్య కోసం వెతకడం మొదలుపెట్టాను. నా మనసులో ఉన్న పెద్ద సంగతులేవీ అందులో లేవు. ఆయన నన్ను చదివించింది, నాన్న పోయాక ఇల్లు మోసింది ఎక్కడా లేదు. 2009లో ఒక పేజీ దొరికింది. అన్నయ్య మా క్వార్టర్‌కు వచ్చి అరుగు మీద కూర్చుని, వెళ్తున్న గూడ్సు వ్యాగన్లు లెక్కపెట్టాడు. యాభై ఎనిమిది. లెక్క అయ్యాక, ‘‘ఇంత ఇనుం పట్టుకుపోతన్నారు గదా, అక్కడ ఆ కొండ ఇంకా ఉందేటిరా?’’ అన్నాడు. ఆ రోజు పది లైన్లు అయ్యాక రెండు లైన్లు మిగిలితే, నింపడానికి ఏమీ లేక ఆ మాట రాశాను. ముఖ్యమని కాదు. ముఖ్యమైనవే రాసుకునే అలవాటు ఉంటే ఆ గొంతు నాకు దక్కేది కాదు.

రిటైరయ్యాక రోజంతా నాదే. అలవాటు ఇంకా గట్టిపడుతుందని అందరూ అన్నారు. జరిగింది వేరు. డ్యూటీ దిగడం అన్నదే లేకపోయేసరికి రాతకు కొక్కెం పోయింది. ఎప్పుడైనా రాయొచ్చు కాబట్టి సాయంత్రం దాకా జరిగి, అక్కణ్నుంచి రేపటికి జరిగేది. చివరికి మనవణ్ని స్కూలు బస్సు ఎక్కించడానికి ముడిపెట్టాను. బస్సు మలుపు తిరగగానే ఇంటికొచ్చి రాయాలి, ఆ తర్వాతే టిఫిన్. సెలవు రోజుల్లో మళ్లీ ఇబ్బందే. వేసవిలో అయితే మరీను.

అన్నయ్య పిల్లలు తమ నాన్న గురించి ఉన్నవన్నీ ఎత్తి రాసివ్వమన్నారు. నా చేతిరాత వాళ్లకు అర్థం కాదు. దానికితోడు పెద్దవాడి కొడుకు తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. అందుకని గుండ్రంగా, విడివిడిగా రాస్తున్నాను. ఇప్పుడు 2014 నోట్‌బుక్ దగ్గరున్నాను. ఆ అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను కొట్టినప్పుడు క్వార్టర్ రేకులు లేచిపోయి అలమరలోకి నీళ్లొచ్చాయి. పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయి అట్టలా ఉన్నాయి. ఇడ్లీ పాత్ర ఆవిరి మీద పడితే విడిపోతాయని మా ఆవిడ అంటోంది. మీద ఉన్నది బాల్‌పెన్ సిరాయే కాబట్టి చెరగదనే అనుకుంటున్నాం. ముందు ఖాళీ పేజీల మీద ప్రయత్నించి చూడాలి.