విదా పట్నంలో పాముల గుడి

బాలలూ! మీ ఇంట్లోకి పాము వస్తే మీరేం చేస్తారు? "అమ్మో!" అని కేకవేసి మంచమెక్కుతారు. నాన్నగారు కర్ర కోసం వెతుకుతారు. కాని ఇంట్లోకి వచ్చిన పామును మెల్లగా రెండు చేతులా ఎత్తి, గుడికి తీసుకుపోయి దిగవిడిచి వచ్చేవాళ్ళు ఉన్న ఊరు ఒకటి ఉన్నది. పదండి, ఆ ఊరు చూసివద్దాం.

ఆఫ్రికా పటం తీసి పడమటి వైపు చూడండి. నైజీరియాను ఆనుకుని, సన్నగా, నిలువుగా ఒక చిన్న దేశం కనిపిస్తుంది. అదే బెనిన్. పూర్వం దాని పేరు దహోమీ. 1960లో దానికి స్వాతంత్ర్యం వచ్చింది, 1975లో ఈ కొత్త పేరు వచ్చింది. అక్కడి పెద్ద పట్నమైన కొటొనూ నుంచి సముద్రం వెంబడి పడమరగా సుమారు 40 కిలోమీటర్లు పోతే విదా అనే ఊరు వస్తుంది.

ఈ ఊరికి ఒక దుఃఖకథ ఉన్నది. పూర్వం లక్షలాది మనుషులను బానిసలుగా కొని, ఈ తీరం నుంచే ఓడలకెక్కించి సముద్రాల అవతలికి పంపేవారు. అలా పోయినవాళ్ళు తమ నాగదేవతను మాత్రం మరవలేదు. ఎక్కడో అమెరికా వైపున ఉన్న హైతీ దేశంలో ఈనాటికీ ఆ పూజ సాగుతూనే ఉన్నది.

విదా ఊరి నడుమ ఒక పెద్ద క్రైస్తవ దేవాలయం ఉన్నది. దానికి సరిగ్గా ఎదురుగానే పాముల గుడి. అందులోని చిన్న గదిలో పదుల సంఖ్యలో పాములు ఒకదానిమీద ఒకటి చుట్టుకుని పడుకుని ఉంటాయి. పూర్వం క్పాసే అనే రాజు శత్రువులకు వెరచి అడవిలో దాగితే, పాములు ఆయనను కాపాడాయట. అందుకే వాటికీ పూజ అని ఆ ఊరివారు చెబుతారు.

ఈ పాముకు విషం లేదు. ఇది మన కొండచిలువకు చుట్టమే గాని, చాలా పొట్టిది. మూడు నుంచి అయిదు అడుగులకు మించి సామాన్యంగా పెరగదు. భయం వేస్తే బుస కొట్టి మీదికి రావడానికి బదులు, తలను మధ్యన దాచుకుని బంతిలాగా చుట్టుకుపోతుంది. అందుకే దానికి బాల్ పైథాన్ అని పేరు వచ్చింది.

మరి ఇన్ని పాములకూ తిండి ఎవరు పెడతారు? ఎవరూ పెట్టరు! రాత్రిపూట అప్పుడప్పుడు వాటిని బయటికి వదులుతారు. అవి ఊళ్ళో తిరిగి ఎలుకలను పట్టి తింటాయి. ఏ ఇంట్లోనన్నా దూరితే ఇంటివారే తెచ్చి గుడిలో అప్పగిస్తారు. ఏం తినాలో, ఎంత తినాలో, ఎప్పుడు తినాలో పాముకే తెలుసు.

అడవిలో దాని బతుకు చూడండి. పగలంతా ఎలుక బొరియలోనో, చెదపుట్టలోనో పడుకుంటుంది. చీకటిపడ్డాక బయలుదేరుతుంది. దాని పై పెదవి మీద చిన్న చిన్న గుంటలు ఉంటాయి. వాటితో ఎలుక ఒంటి వెచ్చదనాన్ని చీకట్లో సైతం పసికడుతుంది. చిన్న పాములూ, మగపాములూ చెట్లెక్కి పిట్టలను ఎక్కువగా పడతాయి. పెద్ద ఆడపాములు నేల మీద ఎలుకలను ఎక్కువగా పడతాయి. ఆడపాము గుడ్లు పెట్టినప్పుడు వాటిని చుట్టుకుని సుమారు రెండు నెలలు తిండి లేకుండానే కావలి కాస్తుంది.

కాని బొరియలలో ఉన్న పాములన్నిటికీ ఈ సుఖం లేదు. బెనిన్, టోగో, ఘనా దేశాలలో వేటగాళ్ళు బొరియలు తవ్వి, గుడ్లతో ఉన్న తల్లిపాములను పట్టుకుంటారు. పిల్లలను పొదిగించి విదేశాలకు అమ్ముతారు. 1975 తరువాత పడమటి ఆఫ్రికా నుంచి ఇలా ఎగుమతి అయిన పాములు 30 లక్షలకు పైమాటే! అమెరికాలోనో, ఐరోపాలోనో ఏ కుర్రవాడి గదిలోనో, గాజుపెట్టెలో ఉంటాయి. అక్కడ ఎలుక బొరియ లేదు, పిట్టగూడు లేదు. ఇక ఆ పాము బతుకంతా ఆ కుర్రవాడి లెక్క మీదే ఆధారపడి ఉంటుంది.

ఆ లెక్క ఏమిటంటారా? పాము నమలదు, మింగుతుంది. దాని కింది దవడ రెండు సగాలు ముందు భాగంలో అతుక్కుని ఉండవు, సాగే పట్టీతో కలిసి ఉంటాయి. అందువల్ల తలకంటె పెద్ద ఎలుకను కూడా మింగగలదు. అయితే మింగగలది కదా అని పెద్దది పెట్టగూడదు. పాము నడుములో అన్నిటికంటె లావైన చోటు ఎంత ఉన్నదో, ఎలుక ఇంచుమించు అంతే ఉండాలి. మరీ పెద్దదైతే అరగక కక్కేస్తుంది. కక్కితే పిల్లపాముకు ప్రాణం మీదికే వస్తుంది.

జాగ్రత్తగా పెంచేవారు త్రాసుతో తూచి పెడతారు. పిల్లపాముకు దాని బరువులో నూటికి 10 నుంచి 15 పాళ్ళు, అయిదారు రోజులకొకసారి పెడతారు. అంటే 60 గ్రాముల పిల్లకు 6 నుంచి 9 గ్రాముల చిట్టెలుక చాలు. పెరిగినకొద్దీ పాలు తగ్గాలి, వ్యవధి పెరగాలి. 1,500 గ్రాముల పెద్దపాముకు నూటికి 5 పాళ్ళు, అంటే 75 గ్రాములు. అదీ మూడు నాలుగు వారాలకొకసారి! ప్రాణంతో ఉన్న ఎలుకను పెట్టెలో వదలరు. పాముకు ఆకలి లేకపోతే ఎలుకే పామును కొరికి గాయపరుస్తుంది. చచ్చిన ఎలుకనే వెచ్చజేసి పెడతారు. తిన్న తరువాత రెండు రోజులు పామును ముట్టుకోరు. పెట్టెలో ఒక మూల వెచ్చగా ఉంచుతారు, ఎందుకంటే వేడి లేకపోతే పాముకు తిండి అరగదు.

కుబుసం విడిచే ముందు పాము తినదు. ఒక్కొక్కప్పుడు ఊరికే కొన్ని నెలలు మానేస్తుంది. అప్పుడు కంగారుపడి బలవంతంగా తినిపించబోవడం తప్పు. బరువు తగ్గకుండా ఉన్నంతకాలం ఓపిక పట్టాలి. తగ్గుతుంటే పశువైద్యుడికి చూపాలి. ముద్దుచేసి రోజూ పెట్టినా అది ముద్దు కాదు. పాము కొవ్వు పట్టి రోగిష్టి అవుతుంది.

ఇంకొక మాట. ఇది ఏడాది, రెండేళ్ళ పని కాదు. అమెరికాలోని సెయింట్ లూయీ జంతుశాలకు 1961లో వచ్చిన ఒక బాల్ పైథాన్, 2020లో అరవై ఏళ్ళు దాటిన వయస్సులో గుడ్లు పెట్టింది! పదేళ్ళ కుర్రవాడు కొన్న పాముకు, అతడు తాత అయ్యేదాకా కూడా ఎలుకలు తూచవలసి రావచ్చు.

మన దేశపు కొండచిలువను పట్టడం, పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కాబట్టి పొలంలో అది కనిపిస్తే దూరంగా నిలబడి, పెద్దవాళ్ళతో చెప్పి అటవీశాఖవారికి కబురు పంపండి. నాగులచవితికి పుట్టలో పాలు పోస్తాం గాని, పాముకు ఆహారం పాలు కాదు, ఎలుకలు. ఆ ఎలుకలు మన ధాన్యం తింటాయి. విదా ఊరివారు పామును ఎత్తి గుడికి చేరుస్తారు. మనం దాని దారిన దాన్ని పోనిస్తే చాలు, రాత్రికి దాని భోజనం అదే వెతుక్కుంటుంది.