ముర్గీచౌకు పంజరము

2019వ సంవత్సరమున హైదరాబాదు పోయినపుడు చార్మినారు చూచి, గాజులతో మెఱయు లాడ్‌బజారు గుండ పడమటికి నడచి మహబూబుచౌకు చేరితిమి. 1892లో కట్టిన గడియారపు స్తంభమునకు చేరువనే పక్షుల యంగడులుండెను. జనులు దీనిని ముర్గీచౌకందురు.

మా యమ్మాయి రామచిలుక కావలెననెను. ఒకడు గంపక్రింద రెక్కలు కత్తిరించిన చిలుకపిల్లలను చాటుగా జూపెను. ప్రక్కయంగడి వృద్ధుడు, “వలదమ్మా! 1972 నాటి వన్యప్రాణి చట్టము మన చిలుకలను పట్టుటను, పెంచుటను నిషేధించినది” అని వచ్చీరాని తెలుగున జెప్పెను. అతనియొద్ద లవ్‌బర్డ్సని మనవారు పిలుచు బడ్జెరిగారుల జంటను గొంటిమి. ఇవి ఆస్ట్రేలియా పక్షులు; వీనికి నిషేధము లేదు.

సామానును అతడే యేర్పఱచెను. పంజరమునకు ఎత్తుకంటె వెడల్పు ముఖ్యము. పక్షి యడ్డముగా నెగురును గదా! కమ్మీల సందు అరయంగుళము మించినచో తల యిఱుకుకొనును. నాసి జింకుపూత తీగను కొఱికిన విషము. వ్రాలుటకు నున్నని కఱ్ఱ చాలదు. సన్నము, లావు గల వేపకొమ్మలున్న కాళ్లు పుండ్లుపడవు. ముక్కు నరుగదీసికొనుటకు సముద్రఫేనము, పింగాణి గిన్నెలు, కొఱ్ఱలు, స్నానమునకు లోతులేని పళ్లెము, రాత్రి కప్పుటకు నూలుగుడ్డ, ఇంతియే.

ఇల్లు చేరిన మఱునాడు పెరటి జామచెట్టుపై చిలుకలు వ్రాలెను. ఏటేట కాయలకొఱకు వానిని తోలుచుండినది నేనే. అమ్మాయి నా చేయి పట్టుకొని, “వీనికేమి కొంటివమ్మా?” అనెను.

చెట్టుక్రింద మట్టిమూకుట నీరుంచితిని. నాటినుండి పైకొమ్మ కాయలు వానివే.