కావలిని ఆపిన దినము

మా మూలపేట జీడితోటలలో క్రొత్తగా కావలియున్న కుక్క దొంగనే గాక చుట్టమును చూచియు మొరుగును. మా పాఠశాల కంప్యూటరునందలి యాంటీవైరసు అట్టిదే. నిరుడు విద్యార్థుల వ్యాసములు టైపు చేయుటకై తెలుగు కీబోర్డు ప్రోగ్రామును తెరవగా, అది దానిని వైరసని యెంచి క్వారంటైనునందు బంధించెను. తప్పంతయు దానిది గాదు. మనము నొక్కు ప్రతి మీటను కనిపెట్టుట ఆ ప్రోగ్రాము పని. పాస్‌వర్డులను దొంగిలించునవియు అట్లే కనిపెట్టును. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ యాంటీవైరసు విండోస్ ఎక్స్‌పీ సొంత ఫైలునే వైరసని పొరబడగా లోకమందనేక కంప్యూటర్లు నిలిచిపోయెను.

మేము ఓపిక చాలక కావలిని సాంతము ఆపితిమి; ఆపిన సంగతియు మరచితిమి. మూడవ దినమున నొక పెన్‌డ్రైవు వెంట వచ్చిన వైరసు వ్యాసములన్నిటిని చెరచెను. 2018 తిత్లీ తుపానునకు కూలిన తాతగారి కొబ్బరితోటను గూర్చి పదవతరగతి బాలిక వ్రాసినది వానిలో నొకటి. చిత్తుప్రతి లేదు. “మరల వ్రాసెదను లెండి, మాస్టారూ” అనెను. మేము తలయెత్తలేకపోతిమి.

ఇప్పుడు ప్రోగ్రామును చేసినవారి వెబ్‌సైటునుండియే తెచ్చి, వారు ప్రకటించిన 64 అక్షరముల షా-256 గుర్తుతో సరిచూచి, ఆ యొక్క ఫైలునకే మినహాయింపు నిచ్చుచున్నాము. కావలి మాత్రము మేలుకొనియే యుండును.

ఆ బాలిక వ్యాసము ఈ సంచికలోనున్నది. మొదటిదానికంటె చిన్నది.