ప్రతినిధి ద్రవ్యం



మా దేవాలయానికి ఒక పికప్ వాహనం ఉన్నది. 2015 నాటి డీజిల్ బండి, బీఎస్-4 శ్రేణికి చెందినది. అన్నదానానికి బియ్యం, కూరగాయలు దానిలోనే వస్తాయి. ఉత్సవదినాలలో పూలతో అలంకరించి స్వామివారిని దానిపైనే ఊరేగిస్తాము. సైనిక్‌పురి వీధులలో దానిని ఎరుగనివారు అరుదు. గత వైశాఖంలో వెనుక కమాన్ పట్టీ ఒకటి విరగడంతో, ఈసీఐఎల్ చౌరస్తా దాటి, మౌలాలి, మల్లాపూర్ మీదుగా నాచారంలోని ఒక మెకానిక్కు వద్దకు తీసుకువెళ్లాము. నిజానికి నేను వెళ్లవలసిన పని కాదు. ఆనాడు చోదకుడితో పాటు వేరెవరూ లేక వెళ్లాను.

బండి కింద పడుకొని ఉన్న మెకానిక్కు కొంతసేపటికి తల బయటకు పెట్టి, "అయ్యగారూ, దీంట్ల క్యాట్ లేదు. ఉత్త పైపు పెట్టి వెల్డింగ్ కొట్టిండ్రు" అన్నాడు.

క్యాట్ అనగా క్యాటలిటిక్ కన్వర్టర్ అని, పొగగొట్టం మార్గంలో ఉండే ఒక డబ్బా అని ఆయనే వివరించాడు. లోపల తేనెపట్టు వంటి పింగాణీ దిమ్మె. దాని గోడలపై ప్లాటినం, పల్లాడియం వంటి విలువైన లోహాల పలుచని పూత. ఇంజిన్ నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్, సగం మండిన ఇంధనపు ఆవిరి ఆ పూతను తాకుతూ పోయేటప్పుడు ప్రాణవాయువుతో కలిసి బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా మారుతాయి. లోహం మాత్రం ఏమీ మారదు. ఇది విన్నప్పుడు, కేవల సన్నిధిచేత ఇనుమును కదిలించే అయస్కాంత దృష్టాంతం నాకు స్ఫురించింది. పురుషుని విషయంలో సాంఖ్యులు చెప్పే ఆ ఉపమానాన్ని బ్రహ్మసూత్ర భాష్యంలో చదువుకున్నాము. పోలికను అంతకంటే సాగదీయరాదు. ఇది జడవస్తువు, పైగా దొంగలకు ఇష్టమైన వస్తువు. గుజరాత్‌లో ఈకో వాహనాల సైలెన్సర్లను ఈ లోహాల కోసమే అపహరించిన ఉదంతాలు పత్రికలలో వచ్చాయి.

మాదీ దొంగతనమే అని నిశ్చయించుకొని కోపంతో తిరిగివచ్చాను. కాలుష్య పరీక్షా పత్రం గడువు కూడా సమీపించడంతో మరునాడే పరీక్ష చేయించాము. బీఎస్-4 డీజిల్ బండికి పొగ సాంద్రత మీటరుకు 1.62 మించరాదని నియమం. అంతకు పూర్వపు బండ్లకు 2.45. మా బండికి 1.21 వచ్చింది. నెగ్గింది! ఆశ్చర్యపడి మెకానిక్కును ఫోన్‌లో అడిగితే ఆయన నవ్వాడు. డీజిల్ బండ్లకు చేసే ఆ పరీక్ష కంటికి కనబడే ధూమాన్నే కొలుస్తుంది. ఆ డబ్బా ప్రధానంగా హరించేది కనబడని వాయువులను.

కార్యవర్గ సభ్యులకు ఈ మాట చెప్పాను. "పరీక్షలో నెగ్గింది కదా, స్వామీ! యథాశక్తి అని మీరే చెబుతారు" అన్నారు ఒక పెద్దలు. వారు విశ్రాంత సైనికాధికారి. ఈ కాలనీయే అటువంటివారి కోసం వెలసినది. వారి మాటకు అప్పటికప్పుడు సమాధానం తోచలేదు.

ఆ రాత్రి పూర్వమీమాంస షష్ఠాధ్యాయం తృతీయపాదం తీశాను. పాఠశాలలో గురువుగారు దీనిని మాచేత నెలల తరబడి వల్లె వేయించారు. నిత్యకర్మలో ఏదైనా అంగం లోపించినా శక్తికొద్దీ చేయవచ్చునన్నది ఆ పాదంలోనిదే. అయితే ఆ సడలింపు అశక్తునికి. శక్తి ఉండి వదిలినవానికి కాదు. మా దేవాలయం అశక్తమా? ఆ నెలలోనే వెండి కవచానికి విరాళాలు సేకరిస్తున్నాము.

అక్కడే ప్రతినిధి విచారమూ ఉన్నది. వ్రీహులు లభించనప్పుడు నీవారధాన్యం గ్రహించవచ్చు; ఎందుకంటే వ్రీహుల అవయవాలు నీవారాలలో అధికంగా ఉన్నాయి. పై రూపం కలిస్తే చాలదు. ఉత్త గొట్టంలో కన్వర్టరు అవయవం ఒక్కటైనా లేదు. అది ప్రతినిధి కాదు, లోపానికి కప్పిన ముసుగు.

ఇంతవరకు నేను న్యాయాధిపతి స్థానంలోనే ఉన్నాను. దొంగతనం ఎప్పుడు జరిగిందో తెలుసుకుందామని పాత బిల్లుల సంచి విప్పాను. 2021 నాటి ఒక కాగితం దొరికింది. "క్యాట్ బ్లాక్ – తీసివేత – 600. పాత సామాను తగ్గింపు – 2,000." కింద "చూడబడినది" అని నా సంతకం.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. బండి ఎత్తు ఎక్కడం లేదని, ఏదో డబ్బా మూసుకుపోయిందని, తీసివేస్తే మైలేజీ పెరుగుతుందని ఎవరో చెప్పారు. నైవేద్యానికి వేళ అవుతున్నది. "ఏది అవసరమో చేయండి" అని తల ఊపాను. తేదీ చూస్తే కార్తీకం. ఆ మిగులు సొమ్ము ఆకాశదీపపు నూనెలోనే కలిసి ఉంటుంది. నాలుగేళ్లుగా ఆ బండి ప్రతి ఉదయం వంటశాల ముందు ఇంజిన్ ఆపకుండా నిలబడుతున్నది. పక్క అరుగుపై వృద్ధులు విష్ణుసహస్రనామం చదువుతూ ఉంటారు.

కొత్త భాగం వెంటనే దొరకలేదు. 2020 ఏప్రిల్ నుండి అమ్మకాలన్నీ బీఎస్-6 వాహనాలవే కనుక పాత నమూనా సరుకు ఉప్పల్ దుకాణాలలో నిలువ లేదు. తెప్పించాలంటే మూడు వారాలు, 18,500 రూపాయలు. ఒక మధ్యవర్తి పాతది 4,000కే ఇస్తానన్నాడు. ఎక్కడిదని అడిగితే, "మీకెందుకు స్వామీ, అసలైనదే" అన్నాడు. పెసలకు మినుములు ఎంత సదృశమైనా యజ్ఞానికి అనర్హములని నిషేధించారు గనుక అవి ప్రతినిధి కాజాలవు. వద్దన్నాను. చోదకుడికి నాపై కొంత విసుగు కలిగింది.

ఆదివారం సమావేశంలో బిల్లు చదివి వినిపించాను, సంతకంతో సహా. మోటారు వాహన చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇట్లా మార్చడాన్ని నిషేధిస్తుందని కూడా చెప్పాను. ఎవరూ మాట్లాడలేదు. యథాశక్తి అన్న పెద్దలు కాగితం తీసుకొని కళ్లద్దాలు సవరించుకొని రెండుసార్లు చదివారు. "మా రోజుల్లో చూడకుండా సంతకం పెడితే విచారణ జరిపేవారు, స్వామీ" అని, ధనం మంజూరు చేయమన్నారు. అందులో 2,000 నా సంభావన నుండి పట్టుకొమ్మన్నాను. కొంత వాదన తరువాత అంగీకరించారు.

జ్యేష్ఠంలో భాగం వచ్చింది. బిగించడం పూర్తయ్యాక మెకానిక్కు బిల్లు చాచాడు. నేను కలం తీయలేదు. అంగవస్త్రం నడుముకు చుట్టి, నేలపై గోనెపట్టా పరిపించి, టార్చి వెలుగులో బండి కింద తల పెట్టి చూశాను. తళతళలాడే డబ్బా, దానిపై చెక్కిన సంఖ్య. ఆ సంఖ్యను బిల్లు మీద రాయించి, అప్పుడు సంతకం చేశాను. పంచెకు అంటిన గ్రీజు మరక మా ఇంట్లో ఎన్నిసార్లు ఉతికినా నేటికీ పోలేదు.