మే నెలలో వంజరం

మా కరీంనగర్‌లో చేప అంటే డ్యాం చేపే. మానేరు డ్యాంలో పట్టిన రవ్వ, బొచ్చె, అదృష్టం బాగుంటే కొర్రమట్ట. అందుకే బాపుకు సముద్రం చూపించాలనుకున్నప్పుడు నా ప్లాన్‌లో సముద్రం సగం, చేప సగం. మే నెలలో సెలవు దొరికింది. వరంగల్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి వైజాగ్.

రుషికొండ దగ్గర నీళ్లలో దిగి బాపు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే మాట: "అవతలి ఒడ్డు కనవడ్తనే లేదురా."

రాత్రికి సముద్రం కనిపించే రెస్టారెంట్. పేరెందుకులెండి. ఫోన్‌లో మంచి రేటింగ్, బోలెడు ఫొటోలు. అన్నీ లైట్లు, సెల్ఫీలే. ప్లేటు ఫొటోలు రెండో మూడో. అప్పుడే అనుమానం రావాల్సింది. మెనూ క్యూఆర్ కోడ్‌లో కాబట్టి, ధరలు నా ఫోన్ దాటలేదు.

వంజరం తవా ఫ్రై 790 రూపాయలు. నలభై నిమిషాలకు వచ్చింది. అరచేతిలో సగం ఉన్న రెండు ముక్కలు, ఉల్లిగడ్డ చక్రాలు, పైన ఎర్ర రంగు. ముల్లు దగ్గర ఇంకా చల్లగానే ఉంది. కొరికితే పీచు పీచు. ఫ్రీజర్‌లో ఎన్నాళ్లుందో! అమ్మ ఒక్క ముద్ద తిని, పెరుగన్నం ఉందేమో అడగమంది. ఉంది, 260. బాపు మాత్రం ముల్లు దాకా తిని "సముద్రం చేప, మంచిగనే ఉంది" అన్నాడు. డ్యాం దగ్గర ముక్క కాస్త మెత్తబడితే వెనక్కి పంపే మనిషి ఆయన. ఆ అబద్ధం నా కోసమేనని తెలుస్తూనే ఉంది.

బిల్లు 3,140. అందులో సర్వీస్ ఛార్జ్ కూడా. హోటళ్లు దాన్ని వాటంతట అవే బిల్లులో కలపకూడదని, వద్దంటే తీసేయాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలోనే చెప్పింది. నాకు తెలుసు. కానీ గొడవ పెట్టుకుంటే బిల్లెంతో బాపుకు తెలిసిపోతుంది. స్క్రీన్ నా వైపు తిప్పుకుని కట్టేశాను.

మర్నాడు పొద్దున జోడుగుళ్లపాలెం ఒడ్డున ఒకామె కానాగంతలు అమ్ముతోంది. వంజరం ఉందా అంటే నవ్వింది. "ఇప్పుడెక్కడిది బాబూ, బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి కదేటి!" చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్ల వేట బంద్. ఇంజిన్ లేని తెప్పలకే మినహాయింపు. అవి ఒడ్డుకు దగ్గర్లో దొరికినవి తెస్తాయి. రెస్టారెంట్ కోసం రెండు రాత్రులు రివ్యూలు చదివిన నేను ఈ తేదీలు ఒక్కసారీ వెతకలేదు. మీకు వంజరమే కావాలంటే జూన్ 14 దాటాక వెళ్లండి. మేలోనే వెళ్తే, పొద్దున్నే తెప్పలు ఏం తెచ్చాయో చూసి అది తినండి.

బాపు అప్పటికే గంప ముందు గొంతుక్కూచున్నాడు. డ్యాం దగ్గర చూసినట్టే మొప్పలు ఎత్తి చూస్తున్నాడు. ఎర్రగా ఉన్నాయి. "కిలో ఎంతకిస్తవమ్మా?" అని బేరం మొదలుపెట్టాడు. మా లాడ్జి గదిలో పొయ్యి లేదన్న సంగతి నేనింకా చెప్పలేదు.